పది సెకండ్ల ఉక్కు – ప్రచారమును, పరమార్థమును

రాజమహేంద్రవరములోగాని, అమలాపురములోగాని, భీమవరములోగాని ఇల్లు కట్టదలచినవాడు ఇనుము దుకాణమునకు పోయి అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: "ఈ కడ్డీ గట్టిదేనా?" "ఇది ఎంత సాగును?" అని అడుగువాడు అరుదు. అడిగినను దుకాణదారుడు వింతగా చూచును. సాగునది మెత్తనిదనియు, మెత్తనిది బలహీనమనియు జనులలో ఒక భావము గాఢముగా నాటుకొని యున్నది. ఇందులకు పాఠశాలలోని పాఠము కూడ కొంత బాధ్యత వహింపవలసినదే. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచినచో గట్టిపడి పెళుసగును. మెల్లగా చల్లార్చినచో మెత్తబడి సాగును. విద్యార్థికి తెలిసినది ఇంతే. గట్టిదనమును సాగుగుణమును త్రాసులోని రెండు తట్టలవంటివనియు, ఒకటి లేచినచో రెండవది దిగక తప్పదనియు అతడు పరీక్షలో వ్రాయును. తరువాత ఇల్లు కట్టునాటికి కూడ అదే నమ్మును.

ఈ నమ్మకమును తలక్రిందులు చేసినట్లు కనబడిన వార్త యొకటి 2011వ సంవత్సరములో అమెరికానుండి వెలువడినది. గేరీ కోలా అను ఆయన కనిపెట్టిన పద్ధతిని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో ఆచార్య సురేశ్ బాబు, తపస్వి లొల్ల మొదలగువారు పరిశీలించి, ఆ సంవత్సరమే ఒక పరిశోధనపత్రమును ప్రకటించిరి. (లొల్ల అను పేరు వినగానే డెల్టావాసులకు లొల్ల లాకులు గుర్తునకు వచ్చుట సహజము. ప్రస్తుతమునకు దానితో పని లేదు.) పద్ధతి వినుటకు చాల సులభము. ఉక్కు రేకును రోలర్లమీద నడపుచు, 1100 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడిగల మంటలగుండ పంపి, వెంటనే చల్లని ద్రవములో ముంచుదురు. వేడిచేయుటయు చల్లార్చుటయు కలిసి 10 సెకండ్ల లోపున ముగియును. ఇట్లు తయారైన రేకు, అప్పటికి శ్రేష్ఠమైనవని పేరొందిన మార్టెన్సైటు జాతి ఉక్కుల కంటె 7 శాతము ఎక్కువ బలముగలదనియు, వానికంటె 30 శాతము ఎక్కువ సాగుననియు ప్రకటించిరి. మామూలుగా ఉక్కును 900 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాచుదురనియు, ఇచ్చట ఆ పని సెకండ్లలో జరుగుచున్నదనియు వార్తాపత్రికలు ఆశ్చర్యము ప్రకటించినవి.

పరిశోధన మంచిదే. చిక్కంతయు దానిని చెప్పిన తీరులో నున్నది. మొదట అంకెలను చూడవలెను. "30 శాతము ఎక్కువ సాగును" అను మాట చదివినవాడు నూరు సెంటీమీటర్ల రేకు నూట ముప్పది సెంటీమీటర్లగునని అనుకొనును. అది పొరపాటు. పోల్చిన రేకు తెగిపోవులోపల నూటికి 6 పాళ్ళు సాగునదని ఉదాహరణకు అనుకొందము. దానికంటె 30 శాతము ఎక్కువ యనగా నూటికి 8 పాళ్ళకు కొంచెము తక్కువ. కారు తలుపును అచ్చులో ఒత్తువానికి ఆ రెండు పాళ్ళును ఎంతో విలువైనవే. కాని వార్త చదివినవాని మనస్సులో ఏర్పడు చిత్రము వేఱు. దేనితో పోల్చిరో చెప్పని శాతము సగము చెప్పిన మాటయే.

రెండవది, గంటలతో పోలిక. ఇది మరింత అన్యాయము. ఉక్కును సెకండ్లలో కాచి చల్లార్చుట 2011లో పుట్టిన విద్య కాదు. విద్యుత్ప్రేరణచే యంత్రపు ఇరుసుల పైపొరను క్షణములలో ఎఱ్ఱచేసి నీటితో చల్లార్చు పద్ధతి 1930ల నుండియు కర్మాగారములలో నున్నది. అంతకంటె దగ్గరి ఉదాహరణము గోదావరి మండలములలో ప్రతి కట్టుబడి స్థలమునందును కుప్పలుగా పడియున్నది. దాని సంగతి తరువాత.

ముందుగా, వేగమునకు ఉక్కులో పని ఏమి? ఉక్కు అనగా స్వల్పముగా కర్బనము కలిసిన ఇనుము. మామూలు వేడిలో ఇనుప పరమాణువుల అమరికయందు కర్బనమునకు దాదాపు చోటులేదు. 727 డిగ్రీల వద్ద సైతము నూటికి 0.02 పాళ్ళకు మించి ఇముడదు. మిగిలిన కర్బనము ఇనుముతో కలిసి సిమెంటైటు అను గట్టి పదార్థమై సన్నని రేకులుగానో రేణువులుగానో విడిగా నుండును. ఉక్కును తగినంత కాచినచో ఇనుప పరమాణువులు మరియొక విధముగా అమరును. ఆస్టెనైటు అను ఈ అమరికలో కర్బనము 2 శాతము వరకు కరగి యుండగలదు. ఇప్పుడు మెల్లగా చల్లార్చినచో కర్బనము తాపీగా బయటికి వచ్చి మరల తన గూళ్ళలో చేరును, ఉక్కు మెత్తనగును. చటుక్కున చల్లార్చినచో దానికి తప్పించుకొను వ్యవధి లేదు. అది ఇనుప పరమాణువుల నడుమ ఇరుకుకొని అమరికనంతయు బిగదీయును. ఇదియే మార్టెన్సైటు, మిక్కిలి గట్టిది, మిక్కిలి పెళుసు. ఈ రెండింటికి నడుమ, కర్బనము కొంత కదలగలిగియు పూర్తిగా విడిపోలేని వేడిలో ఏర్పడు నిర్మాణమునకు బైనైటు అని పేరు. 1930లో అమెరికాలో దీనిని వర్ణించినవారిలో ఒకడైన బెయిన్ పేరుమీదుగా ఆ పేరు వచ్చినది.

పాఠశాల పాఠము చల్లార్చు వేగమును గూర్చి మాత్రమే చెప్పును. కాచు వేగమును గూర్చి చెప్పదు. కోలా పద్ధతిలోని అసలు రహస్యము కాచు వేగమునందే యున్నది. రేకును కొన్ని సెకండ్లలో ఎఱ్ఱచేసినచో ఆస్టెనైటు ఏర్పడును గాని, అందలి కర్బనము అంతటను సమముగా పరచుకొనుటకు వ్యవధి చాలదు. సిమెంటైటు రేణువులు కొన్ని కరగకయే మిగులును. వాని చుట్టుప్రక్కల కర్బనము చిక్కగాను, దూరముగా పలుచగాను ఉండును. స్ఫటికములు పెరుగుటకును అవకాశములేక చిన్నవిగా నిలిచిపోవును. ఆ స్థితిలో నీటిలో ముంచినచో కర్బనము పలుచగా నున్న తావులు ముందుగా బైనైటుగాను, చిక్కగా నున్న తావులు తరువాత మార్టెన్సైటుగాను మారును. కంటికి ఒకే తీరుగా కనబడు రేకులో అతి సూక్ష్మమైన మేరలో గట్టి తావులును, వానికంటె కొంచెము సాగు తావులును పెనవేసికొని యుండును. బెల్జియములోని గెంట్, హాలెండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయముల లోహశాస్త్రజ్ఞులు కూడ అతివేగముగా కాచిన ఉక్కులలో స్ఫటికములు సన్నబడుటను పరిశీలించిరి. కనుక విషయము గాలివార్త కాదు. అయితే బలమునిచ్చినది వేగము కాదు. వేగము చెరపకుండ విడిచిన అసమానత. గంటలకొలది కాచువాడు లోహమునంతటిని ఏకరూపము చేయును. పది సెకండ్లలో ముగించువాడు ఆ తేడాలను బ్రతుకనిచ్చును.

వేగమే బలమునకు మూలమైనచో కోనసముద్రము ఉక్కు సంగతి ఏమి? నిజామాబాదు మండలములోని ఆ గ్రామమున మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారని 19వ శతాబ్దపు తొలిభాగమున వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు వ్రాసినాడు. ఆ ముద్దలను మూసలలోనే మెల్లమెల్లగా చల్లారనిచ్చెడివారు. తొందర ఎచ్చటను లేదు. అయినను దానితో చేసిన కత్తులు ప్రసిద్ధికెక్కినవి. అచ్చటను గట్టి కర్బన పదార్థపు బారులును, నడుమ వేఱు పదార్థమును కలిసి అసమానతయే ఏర్పడినది. అది నెమ్మదివలన ఏర్పడినది.

ఈ విషయమును డెల్టాలోని కమ్మరి వేఱు మాటలలో ఎఱుగును. రాతిపనివాని ఉలికి పదును పెట్టునప్పుడు చూచిన తెలియును. కొలిమిలో ఉలిని ఎఱ్ఱగా కాల్చి, పట్టకారుతో తీసి, మొన వైపు రెండంగుళముల మేర మాత్రమే నీటిలో ముంచును. మొన చల్లారి గట్టిపడును. పైభాగము ఇంకను ఎఱ్ఱగనే యుండును. వెంటనే మొనను ఇటుకముక్కమీద రుద్ది తళతళలాడునట్లు చేసి కన్నార్పక చూచును. పైనున్న వేడి మొనకు ప్రాకివచ్చుచుండ, మెఱుగు పెట్టిన చోట మొదట ఎండుగడ్డి రంగు, పిదప ఊదా, పిదప నీలము కనబడును. గడ్డిరంగు సుమారు 230 డిగ్రీలకును, నీలము సుమారు 300 డిగ్రీలకును గుర్తు. తనకు కావలసిన రంగు మొనను చేరిన క్షణమున ఉలినంతయు నీట ముంచును. అనగా పెళుసైన మార్టెన్సైటును ఆ ఉలిలోనే మిగిలిన వేడితో కొంచెము సడలించినాడన్నమాట. శాస్త్రజ్ఞులు దీనినే టెంపరింగు అందురు. ధవళేశ్వరము ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టినప్పుడు, అచ్చటి కొండరాతిని చెక్కిన ఉలులకును ఏదో యొక కొలిమిలో ఇట్టి పదును పెట్టక తప్పియుండదు. బెసెమరు చౌకగా ఉక్కు తీయు పద్ధతిని ప్రకటించినది 1856లో. ఆనకట్ట పూర్తియైన నాలుగేండ్లకు. అప్పటికి ఉక్కు పనిముట్ల మొనలకు మాత్రమే దక్కు ప్రియమైన వస్తువు.

ఇప్పుడు ముందు విడిచిన ఉదాహరణమునకు రావచ్చును. స్లాబులలోను స్తంభములలోను వేయు టి.ఎమ్.టి. కడ్డీ కమ్మరి ఉలికి తోబుట్టువు. ఆ పద్ధతిని 1970లలో బెల్జియములోని లియేజ్ నగరపు లోహ పరిశోధనా కేంద్రములో రూపొందించి టెంప్‌కోర్ అని పేరిడిరి. విశాఖ ఉక్కు కర్మాగారములో కడ్డీలను చుట్టు మిల్లులో ఈ ఏర్పాటు కలదు. 1966లో ఉద్యమించి సాధించుకొని, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారమును గూర్చి ప్రతి విద్యార్థియు వినియుండును. కాని అచ్చట కడ్డీకి ఒక్క సెకండులో జరుగు కథను ఎవరును చెప్పరు.

ఆ కథ ఇది. చుట్టుట ముగిసి వెలువడు కడ్డీ సుమారు 950, 1000 డిగ్రీల వేడిలో నుండును. అది మహావేగముతో ఒక గొట్టములోనికి దూసికొనిపోవును. గొట్టములో నలువైపులనుండియు నీరు ఒత్తిడితో చిమ్మబడును. కడ్డీ అందుండు కాలము ఒక సెకండు, అంతకు లోపు. ఆ లోపల పైపొర 400 డిగ్రీలకు దిగువకు పడిపోయి మార్టెన్సైటుగా బిగిసికొనును. నడిమి భాగమునకు నీటి సంగతియే తెలియదు. అది ఎఱ్ఱగనే యుండును. గొట్టము దాటిన పిదప లోపలి వేడి వెలుపలికి ప్రాకి పైపొరను మరల సుమారు 600 డిగ్రీల వరకు కాచును. పైపొర టెంపరై పెళుసుదనమును కోల్పోవును. తరువాత చల్లార్చు పరుపుమీద గాలిలో నిదానముగా ఆరుచుండగా నడిమి భాగము మెత్తనై సాగు నిర్మాణముగా మారును. కమ్మరి చేతిలో వేడి పైనుండి మొనకు పొడవునా ప్రాకినది; ఇచ్చట నడుమనుండి వెలుపలికి ప్రాకినది. పైన గట్టి కవచము, లోన సాగు గుండె. ఏకరూపతను కాదనుటయే ఇచ్చటను బలమునకు మూలము.

అట్లని కోలా రేకును టి.ఎమ్.టి. కడ్డీని ఒకే గాటకట్టరాదు. రెంటిలోను వేగమున్నది; రెండును వేగమును వినియోగించు తీరు వేఱు. కడ్డీలో పైకిని నడుమకును గల తేడా కావలెను. రేకులో అట్టి తేడా ఉండరాదు. మందమంతయు ఒక్కసారి కాగి, ఒక్కసారి చల్లారవలెను. తేడా యనునది స్ఫటికముల మేరలో మాత్రమే మిగులవలెను. ఇచ్చట ప్రకృతి ఒక కట్టుబాటు విధించినది. వేడి లోనికి పాకుటకు పట్టు కాలము దూరముతో కాక, దూరపు వర్గముతో పెరుగును. రెండు మిల్లీమీటర్ల రేకులో వేడి రెండు వైపులనుండి ఒక్కొక్క మిల్లీమీటరు పోయిన చాలును. దానికి సెకండులో ఏ పదవ వంతో పట్టును. 25 మిల్లీమీటర్ల కడ్డీ నడుమకు పన్నెండున్నర మిల్లీమీటర్లు పోవలెను. దూరము పన్నెండున్నర రెట్లు. కాలము సుమారు 156 రెట్లు, అనగా పదిహేను సెకండ్ల పైమాట. పది సెకండ్లలో ముగియు చమత్కారము అట్టి కడ్డీ నడుమకు చేరనే చేరదు. ఈ మాట వార్తలో ఎచ్చటను లేదు. "ఇక వంతెనలును, భవనములును పది సెకండ్ల ఉక్కుతో కట్టవచ్చును" అని ఉత్సాహపడువారు రాజమహేంద్రవరమున 1974లో ప్రారంభమైన రోడ్డు–రైలు వంతెన దూలములయొక్క మందమును ఒక్కసారి చూచిన చాలును. కోలా పద్ధతి పుట్టినది కార్లకు వాడు పలుచని రేకులకు. అందులో దానికి లోపము లేదు. లేనిపోని ఆశ పెట్టినవారిదే లోపము.

ఈ విమర్శకు దుకాణపు గోడలమీది ప్రకటనలు కూడ పాత్రములే. వానిలో "బలము" అను మాట పెద్ద అక్షరములలో నుండును. కడ్డీమీద ముద్రించిన చిన్న అక్షరములను చదువువారు కొద్దిమంది. ఐ.ఎస్. 1786 అను భారత ప్రమాణము (2008) ప్రకారము "ఎఫ్.ఇ. 500" అను కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల బలము వరకు లొంగరాదు, తెగులోపల కనీసము 12 శాతము సాగవలెను. "ఎఫ్.ఇ. 500 డి" అను కడ్డీకి బలము అంతే, సాగుట మాత్రము కనీసము 16 శాతము. కర్బనము మొదటిదానిలో 0.30 శాతము, రెండవదానిలో 0.25 శాతము మించరాదు. గంధకమునకు, భాస్వరమునకు కూడ రెండవదానిలో హద్దులు కఠినమైనవి. రెండింటిని ఒకే నీటిగొట్టములో ఒకే వేగముతో చల్లార్చి యుండవచ్చును. తేడా కరగించునాడే ఏర్పడినది. ఉక్కు మలినమైనచో సెకండులో చల్లార్చినను, గంటలో చల్లార్చినను మలినము పోదు. ఆ "డి" అను ఒక్క అక్షరము విలువ స్లాబు అధిక భారముచే వంగునప్పుడు తెలియును. సాగు కడ్డీ గల దూలము ముందుగా బీటలు చూపి, క్రిందికి జారి, లోపలివారు బయటికి పోవుటకు వ్యవధి నిచ్చును. సాగని కడ్డీ ఆ వ్యవధి నీయదు.

తుప్పు విషయములో ప్రచారము మరింత దూరము పోయినది. అంతకు ముందు వాడుకలోనుండిన, చల్లగా మెలిపెట్టిన కడ్డీలతో పోల్చినచో టి.ఎమ్.టి. కడ్డీకి తుప్పు కొంత నిదానముగా పట్టవచ్చును. దానిని "తుప్పు పట్టనిది" అని చెప్పుట అసత్యము. కర్మాగారపు నీటిగొట్టమునకును సముద్రపు ఉప్పునకును సంబంధము లేదు. కోనసీమ తీరమునను, నరసాపురము వైపునను బావినీరు ఉప్పగానుండు గ్రామములు కలవు. ఆ నీటితోనే సిమెంటు కలిపినచో క్లోరైడు కాంక్రీటులోని కడ్డీపై రక్షణగా నుండు పొరను ఛేదించును. అందుకే ఐ.ఎస్. 456 ప్రమాణము ఇనుము వేసిన కాంక్రీటుకు కలుపు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదన్నది.

మరియొక అలవాటు ఇంతకంటె అపాయకరము. లావుపాటి కడ్డీ వంగనప్పుడు పనివారు దానిని మంటలో పెట్టి ఎఱ్ఱచేసి వంచుదురు. వంగును. సులభముగనే వంగును, అదియే ప్రమాదము. ఎఱ్ఱబడిన చోట పైపొరలోని మార్టెన్సైటు మరల ఆస్టెనైటుగా మారి, గాలిలో మెల్లగా ఆరి మెత్తని ఉక్కుగా మిగులును. కర్మాగారములో సెకండులో సంపాదించిన కవచము కట్టుబడి స్థలమున అయిదు నిమిషములలో పోయినది. పైకి కడ్డీ కడ్డీగనే యుండును, అక్షరములును చెరగిపోవు. పాత మెత్తని ఉక్కు కడ్డీలను కాల్చి వంచినను పెద్ద హాని లేకుండెను గనుక ఈ అలవాటు వచ్చినది. కడ్డీ మారినది, అలవాటు మారలేదు. తాపీమేస్త్రిని తప్పుపట్టుటకు ముందు, ఈ సంగతి అతనికి ఎవరు చెప్పిరో అడుగవలెను. అతడు చదివిన పదవ తరగతి పాఠములో ఆ మాట లేదు.

పాఠములో "గట్టి–పెళుసు, మెత్తన–సాగు" అను జంటలకు బదులు ఒక ముక్కను చూపవచ్చును. కట్టుబడి స్థలమున మిగిలిన కడ్డీ తుంటను నిలువుకోతగా కాక అడ్డముగా కోసి, కోసిన ముఖమును గరుకు కాగితముతోను, పిదప సన్నని కాగితముతోను అద్దమువలె నునుపు చేయవలెను. నూరు ఘన సెంటీమీటర్ల స్పిరిటులో మూడు నాలుగు ఘన సెంటీమీటర్ల నత్రికామ్లమును కలిపిన ద్రవమును దూదితో దానిపై కొలది సెకండ్లు రాచి, నీటితో కడుగవలెను. ఈ పని ఉపాధ్యాయుడే చేయవలెను; చేతికి తొడుగు, కంటికి అద్దములు ఉండవలెను; మంట దగ్గర ఉండరాదు; ద్రవమును మూతబిగించి దాచరాదు. ఒక నిమిషములో కడ్డీ ముఖముమీద బూడిదరంగు నడిమిభాగమును, దాని చుట్టును నల్లని వలయమును కనబడును. ఆ వలయమే గొట్టములో ఒక్క సెకండు గడిపిన పైపొర. అదే కడ్డీనుండి మంటలో ఎఱ్ఱగా కాల్చి వంచిన చోటి ముక్కను తీసి, దానిని కూడ అట్లే కోసి, అట్లే కడిగి ప్రక్కన పెట్టినచో, అందులో ఆ వలయము కనబడదు.